రెండోసారి చూడని తలుపు

ఉదయం తొమ్మిది నలభై. జైలు ములాఖత్ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడమీద ఒక గడియారం. గడియారం ఆరు నిమిషాలు ముందు నడుస్తోంది. నా చేతి గడియారంతో సరిచూసి ఆ సంగతి కాగితం మీద రాసుకున్నాను. పనికొస్తుందని కాదు, అలవాటు. పోలీసు శాఖలో ఇరవై ఆరేళ్ళు పనిచేస్తే ఇరవై ఆరేళ్ళూ నన్ను నా వెనకాల ఉడుము అన్నారు, పట్టింది వదలనని. రిటైరై ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నాక ముఖం మీదే అంటున్నారు.

ఎదురుగా కూర్చున్న అమ్మాయికి ముప్పై నాలుగేళ్ళు. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రామర్. అరెస్టయిన రోజు తోపులాటలో కళ్ళజోడు విరిగింది. అప్పటినుంచీ ఏ కాగితమిచ్చినా ముక్కుకి ఆనించుకుని చదువుతోంది. నన్ను పెట్టుకున్నది ఆమె మొగుడూ కాదు, పుట్టింటివాళ్ళూ కాదు, మామగారు. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన పెద్దాయన. "టిక్కెట్టు కొట్టకుండా మనిషిని ఎక్కించుకునే రకం కాదు సార్ మా కోడలు" అన్నాడు, మొదటిరోజు నా ఆఫీసు గుమ్మంలో నిలబడి. అంతకన్న మంచి క్యారెక్టర్ సర్టిఫికెట్ నేనింతవరకు చూడలేదు.

నలభై ఒక్క రోజుల కిందట, పదకొండూ ఏడుకి, ఒక బట్టల గోదాములో సరుకు లిఫ్టు తలుపు తెరిచి ఉండగానే కదిలింది. మూడో అంతస్తులో మెకానిక్ ఒకడు నడుము దాకా లోపలికి వంగి ఉన్నాడు. ఇంతకు మించి చెప్పను. ఫోటోలు నేను చూశాను, మీరు చూడనక్కర్లేదు. ఆ లిఫ్టుని నడిపే ప్రోగ్రామ్ ఈ అమ్మాయి రాసింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిందని కేసు. రేపు పదిన్నరకి జడ్జి తేల్చాల్సింది ఒక్కటే. కేసు నిలుస్తుందా, కొట్టెయ్యాలా? నిలిచి శిక్ష పడితే అయిదేళ్ళ దాకా. ఇంట్లో రెండేళ్ళ కూతురుంది.

"మళ్ళీ మొదట్నించీ చెప్పమ్మా" అన్నాను.

విసుక్కోకుండా చెప్పింది. బటన్ నొక్కగానే ప్రోగ్రామ్ ఒకసారి తలుపు మూసుందో లేదో చూడాలి. తర్వాత మూడు సెకన్లు హెచ్చరిక గంట మోగాలి. గంట ఆగాక తలుపుని రెండోసారి చూడాలి. అప్పుడే మోటారు తిరగాలి. ఆ మూడు సెకన్ల మధ్యలోనే మెకానిక్ తన తాళంచెవితో మూడో అంతస్తు తలుపు తీశాడు. రెండోసారి చూసుంటే లిఫ్టు కదిలేది కాదు.

ఆమె రెండుసార్లు చూడమనే రాసింది. ఆ పద్నాలుగు వరుసలూ నాకిప్పుడు కంఠతా వచ్చు. కానీ మనిషి రాసింది యంత్రానికి నేరుగా ఎక్కదు. మధ్యలో కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రామ్ కూర్చుని దాన్ని యంత్రం మాటల్లోకి మారుస్తుంది. ఈ కంపైలర్ కాస్త ఎక్కువ తెలివైనది. ఇప్పుడేగా చూశాం, మళ్ళీ ఎందుకులే అని రెండోసారి చూడడం తీసిపారేసింది. ఒక్క రౌండు తిరిగొచ్చి రిజిస్టరులో రెండు సంతకాలు పెట్టే వాచ్‌మన్‌ని నేను చాలామందిని సస్పెండ్ చేయించాను. దీన్ని చేయించలేను.

అలా తీసెయ్యకూడదని చెప్పడానికి ఆ భాషలో ఒక గుర్తుంది. గుర్తున్న చోటుని ప్రతిసారీ కొత్తగా చూడాలని భాష స్టాండర్డు చెబుతుంది. స్టాండర్డు అంటే ప్రోగ్రామింగ్ భాషకి చట్టం లాంటిది. ఈ వృత్తిలో అందరూ దాన్ని పుస్తకం అంటారు. ఆమె గుర్తు పెట్టింది, కాదనేవాడు లేడు. ఎక్కడ పెట్టిందన్నదే తగాదా. తలుపు స్విచ్చుకి పేరు పెట్టేటప్పుడు పెట్టలేదు, దాన్ని చూసే చోట పెట్టింది. అది చాలునని పుస్తకంలో ఒక పేజీ చదివితే తోస్తుంది. చాలదని ఇంకో పేజీ చదివితే తోస్తుంది. పదిహేనేళ్ళుగా ఈ వృత్తి రెండు జట్లుగా చీలి ఉంది. కంపైలర్ కంపెనీ చాలదనే జట్టు. పోలీసులూ ఆ జట్టే.

"లాయర్ గారు నిన్న వచ్చారు" అంది. "తగాదాని తగాదాగానే ఉండనివ్వాలన్నారు. పుస్తకం రాసినవాళ్ళే తేల్చలేనిదాన్ని పట్టుకుని, నువ్వు తప్పు చేశావని ఏ జడ్జీ నన్ననలేడట. తేలనంతకాలం నేను బతికినట్టేనట."

నాకు ఆ లాయరు పద్ధతి నచ్చలేదు. అనుమానం మీద బయటపడ్డ మనిషిని లోకం అనుమానంగానే చూస్తుంది. ఏదైనా సరే తేలాలి. తేలకపోతే నాకు అన్నం సహించదు.

ఆమె బల్ల మీదికి వంగింది. నా ముఖం సరిగా కనిపించక కళ్ళు చికిలించింది.

"మీరు కమిటీకి ఏమీ రాయలేదు కదా సార్?"

కమిటీ అంటే పుస్తకం రాసేవాళ్ళు.

"ఎందుకమ్మా?"

"వాళ్ళని ఎవరూ అడక్కూడదు. అడగనంతకాలం వాళ్ళు నోరు విప్పరు. అడిగితే ఏదో ఒక వైపు తేల్చేస్తారు. ఆ వైపు నాది కాదు."

"లేదమ్మా" అన్నాను.

రాశాను. ఎనిమిది రోజుల కిందట, ఆమెని మొదటిసారి చూసొచ్చిన సాయంత్రమే రాశాను. విచారణకి రోజుకి నాలుగు ఉత్తరాలు రాస్తాను. ఏది ఎవరికి రాశానో క్లయింట్లకి చెప్పే అలవాటు నాకు లేదు. చెబితే పని చెడుతుందని నా అనుభవం. పైగా కమిటీలనేవి ఎనిమిది రోజుల్లో టీ తాగాలో కాఫీ తాగాలో కూడా తేల్చుకోలేవు. ఈ లోపల నేను సాక్ష్యం పట్టుకుంటాను కదా అనుకున్నాను. ఆమె ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలింది. ఆ ఊపిరి చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తోంది.

పదకొండూ పదిహేనుకి కంపైలర్ కంపెనీ గేటు దగ్గరున్నాను. ఆ కంపైలర్ని మొదట రాసిన మనిషిని అందరూ మేష్టారంటారు. ఈ వృత్తిలో సగంమందికి పాఠం చెప్పినాయన. అరవై దాటాయి. ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, ఎందుకంటే ఆయన రాసింది ఇంకెవరికీ పూర్తిగా అర్థం కాదు. నన్ను చూసి భయపడలేదు, సంతోషించనూ లేదు. డాక్టరు దగ్గర వంతు వచ్చిన రోగిలా లేచి నిలబడ్డాడు.

నేను చూడాలన్నది ఒక్క గదే. కంపైలర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే గది. బయట గుమ్మం పక్కన ఒక ట్రే ఉంది, ఫోన్లు అందులో వదిలి వెళ్ళాలి, ఎవరికీ మినహాయింపు లేదు. నాది కూడా పెట్టాను. లోపల నాలుగు యంత్రాలు, ఒక ఇనప అల్మరా, ఒక గోడ గడియారం, కిటికీ లేదు.

మీ కంపైలర్ పుస్తకం ప్రకారమే నడుస్తోందని మీకెలా తెలుసు అని అడిగాను. పరీక్షలున్నాయన్నాడు మేష్టారు. పుస్తకంలో ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష, మొత్తం నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఒక్కో పరీక్షకి రెండు ఫైళ్ళు. ఒకటి ప్రశ్న, అంటే చిన్న ప్రోగ్రామ్. రెండోది జవాబు, అంటే పుస్తకం ప్రకారం ఏం రావాలో అది. కంపైలర్ ఇచ్చింది జవాబు ఫైలుతో కలిస్తే పాసు.

"ఎప్పుడైనా తప్పిందా?"

"ఒక్కటి కూడా తప్పలేదు."

కోర్టులో ఒక్క మాట కూడా తడబడని సాక్షిని నేనెప్పుడూ నమ్మలేదు. తలుపు సంగతి లాంటి పరీక్ష ఏదో చూపించమన్నాను. నూట పంతొమ్మిదోది తీశాడు. ఫైళ్ళు ఎప్పుడు తయారయ్యాయో టైము చూపించమన్నాను. కాస్త ఆగి చూపించాడు. ప్రశ్న, ఉదయం తొమ్మిదీ పన్నెండు నిమిషాల ఆరు సెకన్లు. జవాబు, తొమ్మిదీ పన్నెండు నిమిషాల పది సెకన్లు.

జవాబులో ఇరవై ఆరు వరుసలున్నాయి, వేలు పెట్టి లెక్కపెట్టాను.

"నాలుగు సెకన్లలో ఇరవై ఆరు వరుసలు టైపు చేశారా మేష్టారూ?"

నూట ఇరవై చూపించమన్నాను. మూడు సెకన్లు. నూట ఇరవై ఒకటి, నాలుగు. రెండు వేల ఎనిమిది వందల ఏడు, మూడు. ఇంక చూడనక్కర్లేదని ఆయనే కుర్చీలో కూలబడ్డాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఏదీ దాచుకోలేదు. పుస్తకం చదివి, ప్రతి ప్రశ్నకీ ఏం రావాలో మనిషి కూర్చుని రాయాలంటే ఏడాదిన్నర పడుతుంది. వాళ్ళకిచ్చింది ఆరు వారాలు, ముగ్గురు మనుషులు. అందుకని ప్రశ్నలు మాత్రం రాసి, కంపైలర్‌కిచ్చి నడిపించారు. అది ఏమిస్తే దాన్నే జవాబని దాచుకున్నారు. తర్వాత తీరిగ్గా పుస్తకంతో సరిచూద్దామనుకున్నారు. ఆ తీరిక రాలేదు. పరీక్ష రాసిందీ కంపైలరే, దిద్దిందీ కంపైలరే. నూటికి నూరు రాకేం చేస్తుంది?

"ఒక్కటి కూడా సరిచూడలేదా?"

"మొదటి నూట నలభై చూశాను. నేనొక్కణ్ణే."

నూట పంతొమ్మిది అందులోనే ఉందని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆయన లేచి ఇనప అల్మరా తీసి, అట్ట పోయిన పచ్చరంగు నోటుబుక్కొకటి నా చేతిలో పెట్టాడు. ఆయన చేతిరాత గుండ్రంగా, బళ్ళో పిల్లలకి చూపించేలా ఉంది. నూట పంతొమ్మిది ఎదురుగా, గుర్తు చూసే చోట ఉన్నా చాలు, రెండుసార్లు చూడాలి అని రాసి ఉంది. దాని మీద అడ్డంగా గీత. పైన వేరే సిరాతో, ఒకసారి అని ఉంది.

కంపైలర్ రాసిన మనిషే, పుస్తకం ముందు పెట్టుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా చదివినప్పుడు, జైల్లో ఉన్న ఆ అమ్మాయి చదివినట్టే చదివాడు.

"ఎందుకు కొట్టేశారు?"

"కంపైలర్ ఒకసారే అంది" అన్నాడు మేష్టారు. "అప్పటికే అది తొమ్మిది వందల కంపెనీల్లో ఉంది బాబూ. రెండుసార్లు అంటున్నది నేనొక్కణ్ణే."

పన్నెండూ యాభైకి తలుపు తెరుచుకుంది. ఇన్స్‌పెక్టరు వచ్చాడు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళతో. ఈ కేసు అతనిదే. నా గొంతుకి అడ్డంపడ్డ ముల్లు ఏమిటంటే, అతను నాకు తోడల్లుడు. నాకు అక్కనిచ్చిన ఇంట్లోనే అతనికి చెల్లెల్నిచ్చారు. శాఖలో నా కింద పదేళ్ళు చేశాడు. అత్తగారింట్లో ఇప్పటికీ పక్కపక్కనే విస్తళ్ళు వేస్తారు మాకు. కిందటి ఆదివారం ముందటి ఆదివారం అక్కడే, భోజనాల దగ్గర, నేను ఈ కేసు తీసుకున్నానని తెలిసి ఊరికే నవ్వి, "అంత తల బద్దలు కొట్టుకోవడమెందుకు అన్నయ్యా, పుస్తకం రాసినవాళ్ళనే అడిగితే పోయె" అన్నాడు. వాళ్ళ అడ్రసు కూడా అతనే చెప్పాడు. మంచి సలహా ఎవరిచ్చినా పుచ్చుకోవాలని నేనూ పుచ్చుకున్నాను.

"అన్నయ్యా, భోజనం చేశారా?" అన్నాడు ఇప్పుడు.

భోజనం సంగతి అడిగాడంటే ఏదో పట్టుకుపోవడానికి వచ్చాడన్నమాట. పదేళ్ళ నుంచీ ఎరుగుదును. నోటుబుక్కు మీద చెయ్యి వేశాను.

"ఇది చూశాక నీ కేసు మిగలదు తమ్ముడూ."

అతను నిలబడే ఆ పేజీ చదివాడు. ముఖంలో ఏమీ కదలలేదు. సాక్ష్యం కాబట్టి స్వాధీనం చేసుకుంటానన్నాడు. చేసుకోమన్నాను, కానీ మాయం కాకుండా పంచనామా రాయమన్నాను. ఒక నోటుబుక్కు అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్క ముక్కలో రాసిన వస్తువుల్లోంచి పేజీలు ఎలా జారిపోతాయో నాకు తెలుసు, నా సర్వీసులోనే చూశాను. ఎనభై ఎనిమిది పేజీలు, ప్రతి పేజీలో ఏముందో, ఎక్కడ కొట్టివేత ఉందో, మూడు ప్రతుల్లో రాయాలి అన్నాను. ప్రతి పేజీ మీదా మేష్టారి సంతకం, నా సంతకం ఉండాలన్నాను.

ఇన్స్‌పెక్టరు గోడ గడియారం చూసి, "మీ ఇష్టం అన్నయ్యా. ఎంతసేపైనా సరే" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం అతని తత్వం కాదు. అది నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

కానిస్టేబుల్ రాస్తున్నంతసేపూ మేమిద్దరం గొంతు పెంచకుండా దెబ్బలాడుకున్నాం. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదని నీకూ తెలుసన్నాను. తెలిసినా తెలియకపోయినా ఒకటేనన్నాడు. చచ్చిపోయిన మెకానిక్ భార్య రోజూ పదింటికి స్టేషనుకొస్తుందిట. బెంచీ మీద కూర్చుంటుందిట. ఏడవదు, అరవదు, డబ్బడగదు. పన్నెండింటిదాకా కూర్చుని వెళ్ళిపోతుంది.

"ఒక్కటే అడుగుతుందన్నయ్యా. ఎవరు అని. కంపైలర్ అని చెప్పమంటారా ఆవిడకి? దాన్ని ఏ బోనులో నిలబెట్టను?"

"బోనులో నిలబెట్టినవాళ్ళందరూ దోషులు కారు."

"ఎవర్నీ నిలబెట్టకపోతే ఆవిడ రేపు కూడా వస్తుంది" అన్నాడు. అలసిపోయి ఉన్నాడు. అతన్ని అసహ్యించుకోవడానికి ఆ క్షణంలో నాకు సరైన కారణం దొరకలేదు.

రెండూ నలభై రెండుకి ఆఖరి పేజీ మీద సంతకం పెట్టాను. నూట పంతొమ్మిదో పరీక్ష ఉన్న పేజీకి జెరాక్సు తీయించి జేబులో పెట్టుకుని బయటికొచ్చి ట్రేలోంచి ఫోను తీస్తే ఒకే నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఒకటీ పదిహేనుకి ఒకటి, రెండూ ఐదుకి ఒకటి. కమిటీ ఆఫీసు నంబరది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. పోనీలే, ఈ కాగితం వాళ్ళ చేతిలోనే పెడతాను, ఇది చూసి ఎవడు కాదంటాడో చూద్దామనుకున్నాను. దారిలోంచి పెద్దాయనకి ఫోను చేశాను. మంచి సాక్ష్యం దొరికింది, కమిటీ ఆఫీసు దగ్గరికి రండి అన్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పని పూర్తికాకుండా ఒక్కరికి కూడా శుభవార్త చెప్పలేదు నేను. ఆ రోజు చెప్పాను.

మూడూ ఇరవైకి కమిటీ ఆఫీసు. నాలుగో అంతస్తు. పొడుగాటి బల్ల చుట్టూ ఏడు కుర్చీలు వెనక్కి జరిపి ఉన్నాయి. ఒకామె ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతోంది. ఆవిడే కార్యదర్శి. నా పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"మీరేనా! రెండుసార్లు చేశానండీ మీకు. మీరొస్తే మీ ఎదురుగానే మొదలుపెడదామనుకున్నాం. పోనీలెండి, రెండూ యాభైకి అయిపోయింది. మీ ప్రశ్నకి జవాబు తయారుగా ఉంది."

కాగితం ఇచ్చింది. స్టాంపు సిరా ఇంకా తడిగా ఉంది. ప్రశ్న నంబరు రెండు వందల పన్నెండు. అడిగినవారు అన్నచోట నా పేరు. విషయం అన్నచోట నేను ఎనిమిది రోజుల కిందట రాసిన వాక్యాలే, నా కామాలతో సహా. జవాబు మూడు ముక్కలు. గుర్తు చూసే చోట ఉంటే చాలదు, పేరు పెట్టే చోటే ఉండాలి. కంపైలర్ చేసింది సరైనదే. ఇది కొత్త నియమం కాదు, పుస్తకానికి మొదట్నించీ ఉన్న అర్థమే, కాబట్టి ఇదివరకు రాసిన ప్రోగ్రాములన్నిటికీ వర్తిస్తుంది.

జేబులోంచి జెరాక్సు తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ నిదానంగా చదివింది. మంచి మనిషి, చదివినట్టు నటించలేదు.

"ఇది రెండింటికి వచ్చుంటే ఇద్దరో ముగ్గురో అటు మారేవారేమోనండీ. నలుగురూ ముగ్గురుగా తేలింది మరి. ఇప్పుడిది మేష్టారు ఆ రోజుల్లో తప్పు చదివారనడానికి మాత్రమే సాక్ష్యం."

నలుగురూ ముగ్గురూ. పుస్తకం మారిస్తే ఒక వాక్యంతో పోతుందట, కంపైలర్ని మారిస్తే నాలుగు వేల లిఫ్టులు, ఇంకా ఏమేమిటో అన్నీ మళ్ళీ తిరగరాయాలట. ఎప్పుడు తగాదా వచ్చినా చివరికి పుస్తకమే సర్దుకుంటుందండీ అంది. అంటే తలుపు రెండోసారి చూడని లిఫ్టులు నాలుగు వేలు ఇవాళ్టినుంచి చట్టబద్ధం.

పదిహేనేళ్ళు తేల్చనిది ఎనిమిది రోజుల్లో ఎలా తేల్చారని అడిగాను.

"ఎవరూ అడగలేదండీ. అడిగితేనే మేం తేల్చేది. లాభనష్టాలున్నవాళ్ళు అడక్కూడదు, అది మా రూలు. కంపైలర్ కంపెనీ అడక్కూడదు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు అడక్కూడదు. బయటివాళ్ళకి దీంతో పనేముంటుంది? మీరే మొదటివారు. పైగా ప్రాణం పోయిన సంగతని మొదటి వాక్యంలోనే రాశారు. అలాంటివి పది రోజుల్లో తేల్చాలి."

నెల కిందట ఒక ఇన్స్‌పెక్టరు గారు కూడా వచ్చి అడగబోయారట. కేసు పెట్టినవాళ్ళు అడక్కూడదని చెప్పి పంపించేశారట. అయితే ఎవరడగొచ్చని వివరంగా కనుక్కుని వెళ్ళారట. ఏ సంగతీ తేల్చందే నిద్రపోని పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు అని కూడా అన్నారట. ఇవాళ సమావేశం ఎన్నింటికో కూడా నిన్న ఫోను చేసి కనుక్కున్నారట.

లాభనష్టాలున్నాయా అని, ప్రశ్నతో జతచేసే వాళ్ళ ఫారంలో ఒక గడి ఉంది. క్లయింటు సంగతి ఎక్కడా బయటపెట్టని అలవాటు నాది. లేవని రాశాను. అది అబద్ధం, నేను ఆ అమ్మాయి తరఫు మనిషిని, కాబట్టి ఈ ప్రశ్న చెల్లదు అన్నాను. నా మీద కేసు పెట్టినా సరే, దీన్ని కొట్టెయ్యమన్నాను. బతిమాలాను అంటే సరిగ్గా ఉంటుంది.

కార్యదర్శి నా వంక జాలిగా చూసింది. "అబద్ధం రాస్తే మీమీద చర్య ఉంటుందండీ. జవాబు మాత్రం మారదు. ప్రశ్న మీది, జవాబు పుస్తకానిది."

తర్వాత ఆవిడే, చెప్పాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి, ఫారం అడుగున చిన్నక్షరాల మీద వేలు పెట్టింది. అడిగినవారు నిర్ణయానికి ముందు ఎప్పుడైనా తమ ప్రశ్న వెనక్కి తీసుకోవచ్చు, ఫోను చేసినా చాలు, అని ఉంది. అందుకే రెండుసార్లు చేశానండీ, ఆఖరిసారి అడగడం మా పద్ధతి అంది.

తొమ్మిది నలభైకి ఆ అమ్మాయి అడిగింది. రెండూ యాభైకి తేలింది. ఐదు గంటల పది నిమిషాలు నా చేతిలో ఉన్నాయి. నేను నిజం చెప్పి ఉంటే ఆమే చెప్పేది, ఒక్క ఫోను చెయ్యండి సార్ అని. ఆ ఐదు గంటల్లో దాదాపు రెండు గంటలు నేను ఎనభై ఎనిమిది పేజీల మీద సంతకాలు పెట్టాను, ఎవరూ బలవంతం చేయకుండానే.

బయటికొస్తుంటే ఫోను మోగింది. తోడల్లుడు.

"అన్నయ్యా, భోజనం చేశారా?"

"నన్ను వాడుకున్నావు" అన్నాను.

"అడగమన్నాను. రాసింది మీరు, సంతకం మీది. రేపు పదింటికి ఆవిడ స్టేషనుకొస్తుంది. ఎవరు అంటే ఒక పేరు చెబుతాను. అంతే అన్నయ్యా. నాకు ఇందులో సంతోషమేం లేదు."

నిజమే చెబుతున్నాడని నాకు తెలుసు. అందుకే తిట్టలేకపోయాను.

వరండా చివర లిఫ్టు తలుపు దానంతటదే తెరుచుకుని నా కోసం ఆగింది. నేను మెట్లు దిగాను. నాలుగు అంతస్తులు దిగుతూ ఆ అమ్మాయికి ఏం చెప్పాలో ఒక్క వాక్యం కూడా కుదుర్చుకోలేకపోయాను.

కింద మెట్ల దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో కొత్త కళ్ళజోడు పెట్టె.

"తేలిందా సార్?"

"తేలిందండీ" అన్నాను. పొద్దుట్నించీ ఆ కుటుంబానికి నేను చెప్పిన మాటల్లో నిజం ఇదొక్కటే.

ఆయన ముఖం వెలిగింది. కళ్ళజోడు పెట్టె నా చేతిలో పెట్టాడు. అద్దాలు పొద్దున్నే వచ్చాయట. రేపు జడ్జిగారిచ్చే కాగితం తనే చదువుకోవాలని కోడలు మరీమరీ చెప్పిందట. మీరే ఇస్తే బాగుంటుంది సార్ అన్నాడు. నేను పెట్టె తీసుకున్నాను.

అప్పుడు పెద్దాయన నా ముఖం వంక రెండోసారి చూశాడు. ముప్పై ఏళ్ళు బస్సులో మనుషుల ముఖాలు చూసి టిక్కెట్టు ఉందో లేదో కనిపెట్టిన మనిషి. ఆయనకి నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక మెట్టు మీద నెమ్మదిగా కూర్చున్నాడు. చెయ్యి చాచి పెట్టె వెనక్కి తీసుకున్నాడు.

"ఇవాళ ఇవ్వకండి సార్" అన్నాడు. "రేపు నేనే ఇస్తాను. ఈ ఒక్క పూటయినా ఆ పిల్లని ఏమీ చదవకుండా ఉండనివ్వండి."